హోటల్ కిచెన్‌కి జపాన్ కత్తి: కొనేముందు ఒక్కసారి వినండి

ఈమధ్య నాకు వస్తున్న మెసేజ్‌ల్లో సగం ఒకటే ప్రశ్న. "అన్నా, మంచి జపాన్ కత్తి ఒకటి చెప్పు, కొనుక్కుంటా." అడిగేవాళ్లు ఎవరంటే, హోటల్ మేనేజ్‌మెంట్ అయిపోయి కొత్తగా కమీగా చేరినవాళ్లు, షిప్ జాయినింగ్ కోసం చూస్తున్నవాళ్లు, దుబాయ్‌లోనో లండన్‌లోనో కిచెన్‌లో పని దొరికినవాళ్లు. అంటే మొదటి జీతం చేతికొచ్చిన పిల్లలు. కొన్ని కత్తుల ధర ఆ జీతం మొత్తాన్ని మింగేస్తుంది. అందుకే ఒక్క పేరు చెప్పి వదిలేయకుండా ఈ ఎపిసోడ్ మొత్తం దీనికే పెట్టాను.

ముందే నా మాట చెప్పేస్తా. సానరాయి మీద మీరు స్వయంగా నూరుకోలేని కత్తి కొనకండి. ఎంత పెద్ద పేరున్న కత్తయినా సరే. హోటల్లో రోజుకి ఎనిమిది, పది గంటలు కత్తి ఆడుతుంది. ఎంత గొప్ప ఉక్కయినా కొన్ని వారాల్లో మొద్దుబారుతుంది. అప్పుడు మీ చేతిలో ఉన్నది ఖరీదైన మొద్దు కత్తి. బజార్లో సైకిల్ చక్రంతో సాన పట్టే అతని దగ్గరకి తీసుకెళ్తే నిప్పురవ్వలు ఎగరేసి ఇస్తాడు. ఆయన పని ఇంట్లో కత్తిపీటకి, కత్తెరకి బాగానే సరిపోతుంది. సన్నటి జపాన్ కత్తికి మాత్రం ఆ వేడి తగిలిందంటే అంచు దగ్గర ఉక్కు మెత్తబడిపోతుంది. మళ్లీ పదును పెట్టినా నిలవదు. కాబట్టి మీ దగ్గర ఎంత డబ్బుందో అందులో మూడో వంతు రాయికి పక్కన పెట్టేయండి. మిగిలిన దాంట్లోనే కత్తి.

సరే, అసలు ఈ కత్తి ఎక్కడిది? మనం కొనాల్సినదాన్ని జపాన్ వాళ్లు గ్యూటో అంటారు. గ్యూ అంటే పశువు, టో అంటే కత్తి. ఇది వాళ్ల పాత కత్తి కాదు, ఫ్రెంచ్ చెఫ్ నైఫ్‌కి జపాన్ రూపం. జపాన్‌లో చాలా శతాబ్దాలపాటు పశుమాంసం తినడం మీద ఆంక్షలు ఉండేవి. 1868లో మెయిజీ కాలం మొదలయ్యాక పాశ్చాత్య పద్ధతులు వచ్చాయి. 1872లో చక్రవర్తి గొడ్డుమాంసం తిన్నాడన్న వార్త జనంలోకి వచ్చింది. మాంసం కోయడానికి కొత్త రకం కత్తి కావాల్సి వచ్చింది. అదే సమయంలో 1876లో మామూలు జనం, సమురాయ్‌లు బయట కత్తి ధరించి తిరగకూడదని ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. యుద్ధ ఖడ్గాలు చేసే కమ్మరులకి గిరాకీ పోయింది. వాళ్లలో చాలామంది వంటకత్తుల వైపు, పనిముట్ల వైపు మళ్లారు. ఆ చేతి పని ఈ కత్తుల్లోకి వచ్చిందన్నమాట.

ఇప్పటికీ కొన్ని ఊళ్లు దీనికే పేరు. ఒసాకా పక్కన సకాయ్, గిఫు ప్రాంతంలో సెకి, నీగాటాలో సంజో, త్సుబామే, ఫుకుయిలో ఎచిజెన్. సకాయ్‌లో నాకు నచ్చేది ఏంటంటే, కొట్టేవాళ్లు వేరు, పదును పెట్టేవాళ్లు వేరు, పిడి బిగించేవాళ్లు వేరు. ఒక్క కత్తి ఇంతమంది చేతులు మారుతుంది. కాబట్టి కత్తి మీద చెక్కిన పేరు చాలాసార్లు దాన్ని కొట్టిన కమ్మరిది కాదు, అమ్మే సంస్థది. ఇందులో మోసం ఏమీ లేదు, అక్కడి పద్ధతే అది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. జపాన్ కత్తికీ, మనం కాలేజీలో వాడిన జర్మన్ తరహా కత్తికీ తేడా ఎక్కడుంది? రెండు చోట్ల. ఒకటి గట్టిదనం, రెండోది మందం.

గట్టిదనాన్ని రాక్‌వెల్ స్కేల్ మీద కొలుస్తారు. జర్మన్ తరహా కత్తులు సుమారు 55 నుంచి 58 మధ్య ఉంటాయి. జపాన్ కత్తులు ఎక్కువగా 59 నుంచి 63 దాకా, కొన్ని ఇంకా పైన. నంబర్లో తేడా చిన్నదిగా కనిపిస్తుంది, చేతిలో పెద్దది. మెత్తటి ఉక్కు ఎముకకి తగిలితే అంచు వంగుతుంది, స్టీల్ రాడ్ మీద నాలుగుసార్లు గీస్తే మళ్లీ నిటారుగా నిలబడుతుంది. గట్టి ఉక్కు వంగదు. పెచ్చు ఊడుతుంది, పన్ను విరిగినట్టు. కొవ్వొత్తినీ సుద్దముక్కనీ వంచి చూడండి, అర్థమైపోతుంది. గట్టిగా ఉంది కాబట్టే పదును ఎక్కువ రోజులు ఉంటుంది, గట్టిగా ఉంది కాబట్టే విరుగుతుంది. ఒకటి కావాలంటే రెండోది ఒప్పుకోవాల్సిందే.

మా కిచెన్‌లో ఒక కుర్రాడు, ఊరు రాజమండ్రి వైపు, చాలా హుషారు. దాచుకున్న డబ్బుతో 240 మిల్లీమీటర్ల గ్యూటో కొన్నాడు. నాలుగో రోజు బాంకెట్ ఆర్డర్, చికెన్ కర్రీ కట్ కొట్టాలి, చాపర్ ఎవరో పట్టుకెళ్లారు. టైమ్ లేదని ఇదే కత్తితో కొట్టాడు. అంచులో మూడు చోట్ల పెచ్చులు లేచాయి. ఒక్కొక్కటి బియ్యపు గింజలో సగమంత. ఆ పెచ్చులు పోయేదాకా రాయి మీద రుద్దితే రెండు సాయంత్రాలు పట్టింది, కత్తి వెడల్పు కూడా కొంత తగ్గింది. ఆ ముక్కలు ఎటు పోయాయని మొత్తం చికెన్ పారేయాల్సి వచ్చింది. కత్తి బాగుచేసుకోవచ్చు, ప్లేట్‌లో ఉక్కు ముక్క వెళ్తే ఎవరూ బాగుచేయలేరు.

అందుకే చెబుతున్నా, గ్యూటో ఉన్నా మీ దగ్గర ఇంకో చవక కత్తి ఉండాలి. ప్లాస్టిక్ పిడి ఉన్న స్విస్ కత్తి, విక్టోరినాక్స్ లాంటిది, ప్రపంచమంతా కసాయి కొట్లలో, హోటళ్లలో వాడతారు. అది మెత్తటి ఉక్కు, దెబ్బలు తట్టుకుంటుంది. ఎవరైనా "బ్రో, ఒక్క నిమిషం కత్తి ఇవ్వు" అంటే అది ఇవ్వండి. ఎముక, గడ్డకట్టిన మాంసం, కొబ్బరికాయ, గుమ్మడికాయ తొక్క, ఇవి గ్యూటో దగ్గరకే రాకూడదు. ఆవకాయ సీజన్‌లో మామిడికాయ గురించి కూడా అడిగారు. ఆవకాయకి టెంకతో సహా కొట్టాలి కదా, దానికి పీటకి బిగించిన ఆ బరువైన కత్తే కరెక్ట్. జపాన్ కత్తితో టెంక కొట్టాలన్న ఆలోచన కూడా రానివ్వకండి.

ఇక మందం. ఇది చాలామంది పట్టించుకోరు కానీ, నా లెక్కలో ఉక్కు పేరు కంటే ఇదే ముఖ్యం. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, చూడండి. రెండు కత్తులు, రెండింటికీ ఇవాళే పదును పెట్టాను. లావు క్యారెట్ ఒకటి కోస్తున్నా. మొదటి కత్తి, వినండి... టప్. విన్నారా? అది కోసిన శబ్దం కాదు, చీలిన శబ్దం. అంచు లోపలికి వెళ్లింది, వెనకాల ఉన్న మందం క్యారెట్‌ని రెండుగా పగలగొట్టింది. ఇప్పుడు రెండోది. శబ్దం లేదు, కిందికి జారిపోయింది. అంచు వెనకాల సన్నగా ఉండడం అంటే ఇదే. రోజుకి 20 కిలోల ఉల్లిపాయలు కోసేవాడికి ఈ తేడా మణికట్టులో తెలుస్తుంది, సాయంత్రానికి భుజంలో తెలుస్తుంది.

సన్నగా ఉంటే ఆహారానికీ మంచిది. మొద్దు కత్తి ఉల్లిపాయ కణాల్ని నలిపేస్తుంది, అందుకే కళ్లలో నీళ్లు ఎక్కువ. కొత్తిమీర తరిగిన గంటలో నల్లబడిపోతోందంటే కొత్తిమీరని తిట్టకండి, కత్తి చూసుకోండి. ఇంకోటి, కిచెన్‌లో వేళ్లు తెగడానికి మొద్దు కత్తి కూడా పెద్ద కారణమే. టమాటా తొక్క మీద జారి వేలి మీదకి వస్తుంది. పదునైన కత్తి ఎక్కడ పెడితే అక్కడ దిగుతుంది.

పొడవు ఎంత? ఇంట్లో వాడే శాంతోకు కత్తులు 165 నుంచి 180 మిల్లీమీటర్లు ఉంటాయి. ఇంటికి అవి చక్కగా సరిపోతాయి, అమ్మకి కొనిస్తే సంతోషిస్తుంది. హోటల్‌కి మాత్రం పొట్టి. క్యాబేజీ, పుచ్చకాయ వచ్చేసరికి చాలవు. ప్రొఫెషనల్ కిచెన్‌కి 210 లేదా 240. జపాన్, అమెరికా చెఫ్‌లు ఎక్కువగా 240 అంటారు. కానీ మన హోటళ్లలో ఒక టేబుల్ మీద నలుగురు నిలబడి కోస్తారు, బోర్డు చిన్నది, పక్కవాడి మోచేయి మన బోర్డు మీద ఉంటుంది. అలాంటి చోట 210 తీసుకోండి. మీకు సొంతంగా పెద్ద స్టేషన్ ఉంటే 240. చేతులు చిన్నవని భయపడి 180కి దిగిపోకండి, వారం రోజుల్లో 210 అలవాటైపోతుంది.

యానాగిబా, దెబా, ఉసుబా అని అందమైన కత్తులు రీల్స్‌లో చూసి ఉంటారు. వాటికి ఒకవైపే పదును ఉంటుంది. యానాగిబా పచ్చి చేపని ఒక్క లాగులో పలచగా కోయడానికి, దెబా చేప తల, వెన్ను తీయడానికి, ఉసుబా కూరగాయల సన్నపనికి. సుషీ కౌంటర్ మీద పనిచేస్తే అవి కావాలి, అప్పుడు మీ సీనియరే ఏది కొనాలో చెబుతాడు. మిగతావాళ్లకి అది డబ్బు దండగ.

ఇప్పుడు ఉక్కు. షిరోగామి, ఆవోగామి అనే పేర్లు వినే ఉంటారు. తెల్ల కాగితం, నీలి కాగితం అని అర్థం. ఉక్కు తెల్లగానో నీలంగానో ఉండదు, ఫ్యాక్టరీలో చుట్టే కాగితం రంగుని బట్టి ఆ పేర్లు. జపాన్‌లో యాసుగి అనే ఊరు వీటికి ప్రసిద్ధి. ఇవి కార్బన్ ఉక్కులు. రాయి మీద వెన్నలా పదునెక్కుతాయి, ఆ పదునుకి సాటి లేదు, నాకూ ఇష్టమే. కానీ తుప్పు పడతాయి. నిమ్మకాయ, చింతపండు, టమాటా తగిలి ఐదు నిమిషాలు వదిలేస్తే రంగు మారుతుంది. ఉల్లిపాయలు కోస్తే మొదట్లో ముక్కలకే నల్లటి మరక అంటుతుంది. వైజాగ్ లాంటి సముద్రం పక్క ఊళ్లో, తడి ఆరని కిచెన్‌లో, ఒక ఆర్డర్ అయ్యేసరికి నారింజ రంగు చుక్కలు వచ్చేస్తాయి. ప్రతి రెండు నిమిషాలకీ తుడుచుకునే తీరిక మొదటి ఏడాది కమీకి ఉండదు. అందుకే మొదటి కత్తి స్టెయిన్‌లెస్ అయి ఉండాలని నా అభిప్రాయం.

స్టెయిన్‌లెస్‌లో ఎక్కువగా కనిపించేది వీజీ-10. ఫుకుయిలో తకెఫు అనే కంపెనీ తయారుచేస్తుంది. దాదాపు ఒక శాతం కార్బన్, 15 శాతం క్రోమియం, కొంచెం కోబాల్ట్ ఉంటాయి. పదును బాగా నిలుస్తుంది. ఒక్క చిక్కు ఏంటంటే, నూరేటప్పుడు అంచు అవతలి వైపు సన్నటి ఇనుప పొర లేస్తుంది, దాన్ని బర్ అంటాం. వీజీ-10లో ఆ బర్ మొండిది, ఓ పట్టాన పోదు. అది పూర్తిగా తీయకపోతే మొదటి రోజు బ్లేడులా ఉండి రెండో రోజుకే మొద్దుబారినట్టు అనిపిస్తుంది. "అన్నా, ఈ ఉక్కు వేస్ట్" అని రాసేవాళ్లలో చాలామంది సమస్య ఇదే. ఏయూఎస్-8, ఏయూఎస్-10 లాంటివి కాస్త తేలిక. ఎస్‌జీ2 అనే పౌడర్ ఉక్కు ఇంకా గట్టిది, పదును ఇంకా ఎక్కువ రోజులు ఉంటుంది, కానీ ధర ఎక్కువ, పెచ్చు లేస్తే బాగుచేయడం పెద్ద పని. నూరడం చేతికొచ్చాక చూసుకోవచ్చు.

పేర్లు చెప్పమంటారు కదా, చెబుతా. వీళ్లెవరూ నాకు డబ్బులివ్వలేదు. తోజిరో డీపీ 210, త్సుబామే నుంచి వస్తుంది, వీజీ-10 ఉక్కు, ఆర్భాటం లేని కత్తి, చాలా దేశాల్లో కొత్త చెఫ్‌లు దీంతోనే మొదలుపెడతారు. మాక్ ప్రొఫెషనల్ ఇంకొంచెం పై ధర, సన్నగా తేలిగ్గా ఉంటుంది. మిసోనో, సెకి ఊరిది, ఫినిషింగ్ చాలా బాగుంటుంది. గ్లోబల్ కత్తులు పిడితో సహా మొత్తం ఉక్కే, కడగడం తేలిక, కానీ చేయి తడిగా, జిడ్డుగా ఉన్నప్పుడు నాకు ఆ పట్టు నచ్చదు. మీకు నచ్చొచ్చు, షాపులో పట్టుకుని చూడండి.

డమాస్కస్ గురించి ఒక మాట. కత్తి మీద నీటి అలల్లా గీతలు ఉంటాయి కదా, దానికే ధర పెరుగుతుంది. ఈ కత్తులు మూడు పొరల రొట్టెముక్క లాంటివి. మధ్యలో గట్టి ఉక్కు, రెండు పక్కలా మెత్తటి ఉక్కు. కోసేది మధ్యలోది. అలలు ఉండేది పక్క పొరల మీద. అంటే ఆ డిజైన్ కోతలో ఏ సాయమూ చేయదు. తమాషా ఏంటంటే, అసలు డమాస్కస్ ఖడ్గాలకి పేరు తెచ్చిన వూట్జ్ ఉక్కు మన దగ్గర తయారైంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పర్షియా దాకా వెళ్లేది. ఆ అలలు ఉక్కు లోపలి నుంచే పుట్టేవి. ఇప్పటి వంటకత్తుల మీద ఉన్నది పొరలు అతికించి తెచ్చిన అందం, రెండింటికీ పేరు తప్ప సంబంధం లేదు.

ఆ అందం కూడా చాలాసార్లు దొంగదే. మీ ఫోన్లో యాడ్స్ వస్తుంటాయి, "జపాన్ మాస్టర్ చేతితో చేసిన కత్తి, ఈరోజే 70 శాతం తగ్గింపు" అని. వంకర పిడి, బ్లేడు మధ్యలో వేలు పట్టే రంధ్రం, పక్కన జపాన్ అక్షరాలు. అక్షరాలు ఎవరైనా చెక్కొచ్చు, లేజర్‌తో అలలు గీయడం ఇంకా తేలిక. చూడాల్సింది ఇది. ఉక్కు పేరు స్పష్టంగా రాశారా? "హై కార్బన్ జపనీస్ స్టీల్" అంటే అది పేరు కాదు. గట్టిదనం నంబర్ ఇచ్చారా? ఏ కంపెనీ, ఏ ఊరు? అంచుకి కొంచెం పైన, లోపలి ఉక్కు పక్క పొరల్లోంచి బయటపడే గీత కనిపిస్తోందా? డమాస్కస్ అని చెప్పి అలలు అంచు చివరిదాకా ఒకేలా ఉంటే, అనుమానించండి. మొదటి మూడింటికి జవాబు లేని కత్తి వద్దు. ఆ డబ్బుకి స్విస్ కత్తి, ఒక రాయి వస్తాయి, వాటితో ఇంతకంటే బాగా కోస్తారు.

పిడి రెండు రకాలు. జపాన్ పద్ధతిలో తేలికైన చెక్క, ఎనిమిది పలకలది. పాశ్చాత్య పద్ధతిలో మేకులు కొట్టినది. చెక్క పిడి చేతిలో హాయిగా ఉంటుంది, కానీ కొన్ని హోటళ్లలో శుభ్రత నిబంధనల వల్ల మామూలు చెక్క పిడిని ఒప్పుకోరు. కొనేముందు మీ చెఫ్‌ని అడగండి. షిప్‌కి వెళ్లేవాళ్లయితే అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న సీనియర్‌ని అడగండి, సొంత కత్తి తెచ్చుకోనిస్తారో లేదో. విమానంలో కత్తి ఎప్పుడూ చెక్-ఇన్ లగేజీలోనే, తొడుగు వేసి. లండన్‌లో ఉన్నవాళ్లు పనికి వెళ్తూ వస్తూ తప్ప కత్తి సంచీ వెంట తిప్పకండి, డ్యూటీ అయ్యాక స్నేహితులతో బయటికి వెళ్లేటప్పుడు అస్సలు వద్దు. అక్కడ సరైన కారణం లేకుండా కత్తి దగ్గర పెట్టుకోవడం నేరం.

కత్తి వెన్ను మీద చూపుడు వేలు మొదలు ఆనే చోట వేలితో తడిమి చూడండి. అక్కడ కొన్ని కత్తులకి అంచు గీసుకుపోయేలా ఉంటుంది. పది నిమిషాలకి తెలియదు, పది గంటలకి బొబ్బ. సన్నటి ఎమరీ పేపర్‌తో ఆ మూలని గుండ్రంగా రుద్దేస్తే చాలు. పదును వైపు చేయి పోకుండా బట్ట చుట్టుకుని చేయండి.

రాయి విషయానికి వస్తే, ఒక్కటే కొనగలిగితే 1000 గ్రిట్. తర్వాత డబ్బుంటే 3000 లేదా 4000. పెచ్చులు లేచినప్పుడు 400. 8000, 10000 రాళ్ల వైపు ఇప్పుడే చూడొద్దు, హోటల్ పనికి 3000 దాటి అవసరం పెద్దగా పడదు. కిచెన్‌లో వేలాడే గీతల స్టీల్ రాడ్ మీద ఈ కత్తిని గీయకండి, అంచు చిట్లుతుంది. చక్రాల షార్పెనర్‌లో లాగకండి. గిన్నెలు కడిగే మెషిన్‌లోకి వెళ్లకూడదు, స్టీవార్డింగ్ అన్నకి మర్యాదగా ముందే చెప్పుకోండి. ఆయన తప్పేం లేదు, టేబుల్ మీద ఉన్నవన్నీ తీసుకెళ్లి కడగడమే ఆయన పని. మీ కత్తి మీరే కడిగి, తుడిచి, తొడుగులో పెట్టుకోండి. బోర్డు మీద ముక్కల్ని గిన్నెలోకి తోసేటప్పుడు కత్తి తిరగేసి వెన్నుతో తోయండి. అంచుతో గీకడం వల్ల పోయేంత పదును కోయడంలో కూడా పోదు.

ఎడమచేతి వాటం వాళ్లు ఇద్దరు ముగ్గురు అడిగారు. కొన్ని గ్యూటోలకి కుడివైపు ఎక్కువ, ఎడమవైపు తక్కువ పదును పెట్టి పంపిస్తారు. మీరు రెండు వైపులా సమానంగా ఉన్నది కావాలని అడిగి తీసుకోండి. కొన్ని కంపెనీలు ఎడమచేతికి విడిగా కూడా చేస్తాయి, ధర కొంచెం ఎక్కువ.

వచ్చే ఎపిసోడ్‌లో 1000 రాయి ఎదురుగా పెట్టుకుని, కత్తి ఏ కోణంలో పట్టాలో, ఆ మొండి బర్ ఎలా తీయాలో చేసి చూపిస్తాను. అప్పటిదాకా కొత్త కత్తి మీద ప్రయోగాలు చేయకండి. ఇంట్లో పాత చాకు ఏదైనా ఉంటే, వీడియో ముందు కూర్చునేటప్పుడు అది తెచ్చుకోండి. ఉంటాను మరి.